ఈ లైబ్రరీ ఎవరికి పనికొచ్చింది?

మొన్న ముసురు పట్టిన మధ్యాహ్నం మా మనవరాలు అట్ట ఊడిపోయిన పాత నిఘంటువు ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బజారులో దొరికే గమ్ము దీనికి ఆగదన్నాను. పనికిరాని డబ్బా ఒకటి వెతికి, అందులో మైదాపిండి నీళ్ళలో కలిపి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, పెరటి వసారాలో పొయ్యి మీద పెట్టాను. జిగురు చిక్కబడుతూ బుడగలు వేస్తుంటే, పచ్చిపిండీ తడికాగితమూ కలిసినట్టుండే ఆ వాసన ముఖానికి కొట్టింది. పుల్ల తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆ వాసనతో పాటే అమలాపురంలో కాలువ వైపు కిటికీలున్న ఒక పొడుగాటి హాలు, అందులో చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి నిలబడ్డ ఒక మనిషి గుర్తుకొచ్చారు. ఆయన పేరు సత్యానందం గారు. మా కాలేజీ లైబ్రేరియన్. నా మొదటి ఉద్యోగంలో నా పైఅధికారి.

డెబ్భైల చివరి రోజులవి. నాకు ఇరవై రెండేళ్ళు. మాది కొత్తపేట దగ్గర ఒక చిన్న ఊరు. నాన్నగారు పోయాక అమ్మా, చదువుకుంటున్న ఇద్దరు తమ్ముళ్ళూ నేనూ మిగిలాం. లైబ్రరీ కోర్సు పూర్తి చేసిన వెంటనే ఈ కాలేజీలో అసిస్టెంటుగా తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. రోజూ బస్సులో వచ్చి వెళ్ళేదాన్ని. అప్పటి లైబ్రరీలు ఇప్పటివాళ్ళకు విచిత్రంగా అనిపిస్తాయేమో. హాలులో బల్లలూ, పేపర్లూ, కొన్ని విజ్ఞాన సర్వస్వాలూ ఉండేవి. మిగతా పుస్తకాలు మాత్రం కౌంటరు వెనక ఇనప వలకు అవతల, బీరువాల్లో ఉండేవి. విద్యార్థులకు లోపలికి ప్రవేశం లేదు. కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి వలలోని చిన్న కన్నంలోంచి ఇస్తే, అటెండరు వెళ్ళి వెతికి తెచ్చేవాడు. పుస్తకాలు భద్రంగా ఉండాలంటే అలాగే ఉంచాలని అందరూ నమ్మేవారు. నేనూ నమ్మాను.

సత్యానందం గారిది రాజోలు వైపు పల్లె. వాళ్ళ తాతలు చేలల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. మిషను బడిలో చదువుకుని, ఆ ఇంట్లో మొదటి పట్టభద్రుడై, వాల్తేరు వెళ్ళి లైబ్రరీ సైన్సు చదివారు. నేను చేరేనాటికి యాభైకి దగ్గరపడ్డారు. పొడుగు మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పదిహేడేళ్ళ కుర్రాణ్ణి కూడా "రండి, కూర్చోండి, ఏం కావాలండీ?" అని పలకరించేవారు. కొత్తగా చేరిన పిల్లలు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, ఆయన ఇంకెవరినో అంటున్నారనుకుని వెనక్కి తిరిగి చూసుకునేవారు. వెనక ఎవరూ లేరని తెలిశాక వాళ్ళ భుజాలు కొద్దిగా నిటారయ్యేవి. అది చూడటం నాకు ఇష్టంగా ఉండేది.

నెలనెలా ఎన్ని పుస్తకాలు ఇచ్చామో కాగితం మీద రాసి ప్రిన్సిపాలుగారికి పంపడం నా పని. ఒక నెల ఆ సంఖ్య బాగా పెరిగింది. నా పనితనం వల్లే పెరిగిందన్న గర్వంతో ఆ కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఈ నెల చాలా బావుందండి మేష్టారూ."

"ఏం బావుందమ్మా?"

"పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళు పెరిగేరండి."

"తీసుకెళ్ళి ఏం చేసేరు?"

"తిరిగిచ్చేసేరండి," అన్నాను.

ఆయన నవ్వారు. వేళాకోళం లేని నవ్వు. "కోటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్ళు గోదావరి దాటి అవతల ముక్తేశ్వరంలో దిగుతారు. మనకి కనిపిస్తారు. మన దగ్గర ఎక్కినవాళ్ళు ఎక్కడ దిగుతున్నారో నాకింతవరకూ తెలీలేదు భారతీ," అంటూ సంతకం పెట్టి కాగితం ఇచ్చేశారు. నాకు కొంచెం చిన్నతనం అనిపించింది. ఆ మాట ఆయన్ని ఎంతకాలంగా తొలుస్తోందో అప్పటికి నాకు తెలియదు.

దసరా సెలవులయ్యాక ప్రిన్సిపాలుగారి గది నుంచి కబురొచ్చింది. నన్ను కూడా రమ్మన్నారు. అక్కడ కాలేజీ కమిటీ కార్యదర్శి సత్తిరాజు గారు కూర్చుని ఉన్నారు. కొబ్బరి తోటలున్న పెద్ద రైతు. చదువు మధ్యలో ఆగిపోయినందుకు జీవితమంతా బాధపడ్డ మనిషి. అందుకే ఆ కాలేజీ అంటే ప్రాణం పెట్టేవారు. ఆయన్ని చెడ్డవాడిగా చూపించడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆయన చెడ్డవాడు కాదు.

"కామర్సు సెక్షను పెట్టమని తల్లిదండ్రులు మా ఇంటి చుట్టూ తిరుగుతున్నారండి," అన్నారాయన. "గదుల్లేవు. మీ హాలు చూస్తే నేనెప్పుడొచ్చినా నలుగురు పేపరు తిరగేస్తా కనపడతారు. పిల్లలేమో గైడ్లు చదువుకుని పాసయిపోతన్నారు. ఆ హాలు వల్ల వాళ్ళ చదువుకి ఏం ఒరుగుతుందో చెప్పండి మేష్టారూ, దాని జోలికి రాను. లేదంటే పుస్తకాలన్నీ ఒక చిన్నగదిలో సర్దుకోండి."

ప్రిన్సిపాలుగారు మాకు సాయం చేద్దామని, "నెలనెలా ఎన్ని పుస్తకాలు వెళ్తున్నాయో కాగితాలున్నాయండి, చూపిస్తారు," అన్నారు. నేను అప్పటికే ఫైలు విప్పబోతున్నాను.

"అది రాజుగారు అడిగినదానికి జవాబు కాదండి," అన్నారు సత్యానందం గారు. "ఆయన అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు నాకు తెలీదు. వేసవి సెలవుల్లోపు కనుక్కుని చెబుతాను."

సత్తిరాజు గారు ఒక్క నిమిషం ఆయన ముఖంలోకి చూసి, "ఆయ్, అలాగే కానివ్వండి," అని లేచారు.

వరండాలోకి వచ్చాక నాకు ఏడుపొచ్చినంత పనైంది. హాలు పోతే అసిస్టెంటు అవసరం ఉండదు. మొదట ఇంటికి పంపేది నన్నే. "తెలీదని ఎందుకన్నారండీ?" అని అడిగాను.

"తెలీదు కనకమ్మా," అని ఆయన సైకిలు దగ్గరికి నడిచారు.

మర్నాడు ఆయన తన కుర్చీని వల వెనక నుంచి తీసుకొచ్చి హాలు మధ్యలో వేసుకున్నారు. అక్కడ కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడటం మొదలుపెట్టారు. లైబ్రరీకి వచ్చేవాళ్ళతోనే సరిపెట్టలేదు. అసలు రానివాళ్ళు ఎందుకు రావడం లేదో వాళ్ళే చెప్పాలి కదా అని క్యాంటీనుకు వెళ్ళారు, హాస్టలుకు వెళ్ళారు, సాయంత్రాలు బస్సుల కోసం నిలబడ్డవాళ్ళ పక్కన తానూ నిలబడ్డారు. లైబ్రరీ బాగుందా అని ఎవరినీ అడగలేదు. అలా అడిగితే పెద్దాయన మనసు నొప్పించకూడదని అందరూ బాగుందనే అంటారట. "ఈమధ్య మీకు తెలీని సంగతి ఏదైనా తెలుసుకోవాలనిపించిందాండీ? ఎక్కడ వెతికేరు? దొరికిందా? దొరికేక దాంతో ఏం చేసేరు?" అని అడిగేవారు. పక్కన కూర్చుని రాసుకోవడం నా వంతు. ఎవరి పేరూ రాయవద్దన్నారు. పేరు రాస్తామంటే పిల్లలు నిజం చెప్పరన్నది ఆయన ఉద్దేశం.

మా దగ్గర అందరికన్నా ఎక్కువ పుస్తకాలు తీసుకెళ్ళే కుర్రాడు ఒకడుండేవాడు. అంబాజీపేట నుంచి వచ్చేవాడు. పేరు బాలాజీ. నేను గర్వంగా చూపించిన ఆ సంఖ్యలో అతని వాటా చాలా పెద్దది. మా పరువు నిలబెట్టేది ఇతనే అనుకుంటూ ముందుగా అతన్నే పిలిపించాను. సత్యానందం గారు అతను తీసుకెళ్ళిన ఒక నవల గురించి ఏదో అడిగారు. బాలాజీ నేలచూపులు చూశాడు.

"నేను చదవలేదండి."

"పోనీ, దాని ముందుది?"

"అదీ చదవలేదండి. మా వదినగారు చదువుతారండి. ఆవిడ చదివేసేక పక్కింటి పిన్నిగారు పట్టుకెళతారు. తొందరగా మార్చుకురాకపోతే వదిన అన్నం పెట్టదండి."

నా ముఖం మాడిపోయింది. సత్యానందం గారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. "మంచిదే కదా! ఒక వీధి వీధంతా చదువుతోంది. వదినగారికి నా నమస్కారాలు చెప్పండి. ఏ పుస్తకం నచ్చిందో కూడా కనుక్కోండి," అన్నారు. అతను వెళ్ళాక నా వైపు తిరిగి, "మన కాగితం ఈ అబ్బాయి బాగా చదువుతున్నాడని చెప్పింది. మరి ఇప్పుడు ఆ మూల కూర్చున్నాయన్ని పిలవండి," అన్నారు.

ఆ మూల కూర్చునేది ప్రసాదరావు అనే బి.ఎస్సీ. విద్యార్థి. ఒక్క పుస్తకమూ ఇంటికి తీసుకెళ్ళలేదు. మా కాగితాల ప్రకారం అలాంటి మనిషి లేనే లేడు. అడిగితే తెలిసింది, వాళ్ళ ఇంట్లో పుస్తకం పెట్టుకునే పొడి చోటు లేదట. అందుకని హాలులో ఉంచిన విజ్ఞాన సర్వస్వాలు అక్కడే కూర్చుని చదివేవాడు. వాటిలో చూసి తన పల్లెలో చేతిపంపు నీళ్ళు ఎందుకు ఉప్పగా మారాయో తెలుసుకున్నాడు. ఊరికి దూరంగా ఇంకోచోట తవ్వి చూడమని పెద్దలకు చెప్పాడు. వాళ్ళు తవ్వారు, నీళ్ళు కొంత నయంగా వచ్చాయి. ఇదంతా అతను పెద్ద సంగతి కాదన్నట్టు చెప్పి క్లాసుకు వెళ్ళిపోయాడు. చదివినట్టు కనిపించినవాడు చదవలేదు, చదివినవాడు మాకు కనిపించలేదు.

అయినా ఆయన్ని కదిలించింది వీళ్ళిద్దరూ కాదు. వెంకటలక్ష్మి అనే అమ్మాయి. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చేది, బి.ఏ. చరిత్ర. చురుకైన పిల్ల, మాట కొంచెం కరుకు. లైబ్రరీకి ఎందుకు రావడం లేదని అడిగితే, వచ్చానండీ, ఒక్కసారి వచ్చి మానేశానండీ అంది.

"ఎందుకు మానేసేరమ్మా?"

"చీటీ మీద పుస్తకం పేరు రాయమన్నారండి. పేరు తెలిస్తేనే కదండీ రాసేది? ఏ పుస్తకాలున్నాయో చూద్దామంటే వల అడ్డం. నాకు తెలీనిది ఏంటో నాకే తెలీనప్పుడు దాని పేరెలా రాస్తానండీ?"

పుస్తకాల పేర్ల కార్డులతో కేటలాగు ఉంది కదా, చూడొచ్చు కదా అన్నాను నేను, కొంచెం రోషంగా.

"అదేంటో ఎవరూ చెప్పలేదండి. ఆ చిన్న సొరుగులు మీవనుకున్నాను."

సత్యానందం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ అమ్మాయి వెళ్ళాక నాతో ఒక సంగతి చెప్పారు. ఆయన మొదటిసారి కాలేజీలో అడుగుపెట్టిన ఏడు, లైబ్రరీ వల ముందు ఇలాగే నిలబడ్డారట. చేతిలో ఖాళీ చీటీ. వెనక వరసలో ఉన్నవాళ్ళు తొందరపెడుతున్నారు. లోపలున్న గుమస్తా "ఏం కావాలి?" అని అరిచాడు. ఏం కావాలో చెప్పలేక చీటీ నలిపి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశారు. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడానికి సంవత్సరం పట్టింది. "తర్వాత ఇదే వృత్తిలోకి వచ్చేను. అన్నేళ్ళు చదివేను. వచ్చి కూర్చుంది మాత్రం ఆ గుమస్తా కూర్చున్న చోటే," అన్నారు. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. కానీ ఆయన లేచి వెళ్ళి ఇనప వల తలుపు గడియ తీసి, తలుపును బార్లా తెరిచి, మళ్ళీ మూసుకుపోకుండా దానికి అడ్డంగా నా బల్ల జరిపించారు. "ఇక మీరు ఇక్కడ కూర్చోండి భారతీ. వచ్చినవాళ్ళని లోపలికి పంపించండి," అన్నారు.

తలుపు తెరిచినంత మాత్రాన పిల్లలు నేర్చుకుంటారన్న భ్రమ ఆయనకు లేదు. చరిత్ర చెప్పే శర్మగారిని కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. గోదావరి ఆనకట్ట కట్టక ముందూ, కట్టిన తర్వాతా మీ ఊరి బతుకు ఎలా మారింది అన్న విషయం మీద రెండు సెక్షన్ల పిల్లలూ వ్యాసం రాయాలి. ఒక సెక్షనుకు ముందుగా లైబ్రరీలో పాఠాలు చెబుతాం. కేటలాగు ఎలా చూడాలి, పుస్తకం చివర పదాల సూచికను ఎలా వాడుకోవాలి, ఇద్దరు రచయితలు రెండు రకాలుగా చెబితే ఎవరిని నమ్మాలో ఎలా తేల్చుకోవాలి, ఇవన్నీ. రెండో సెక్షను ఎప్పటిలాగే రాస్తుంది. వ్యాసాలన్నీ పేర్లు మడిచి కలిపేసి శర్మగారికి ఇస్తాం. ఏది ఎవరిదో తెలియకుండా ఆయన దిద్దుతారు. అది అయిపోయాక రెండో సెక్షనుకూ అవే పాఠాలు చెప్పాలని సత్యానందం గారు ముందే మాట తీసుకున్నారు. మనకు తెలియాలని వాళ్ళను నష్టపెట్టకూడదన్నారు.

ఆ నెలల్లో లైబ్రరీ ఎలా ఉండేదో ఇప్పుడు తలచుకున్నా ఒళ్ళు తేలికవుతుంది. బీరువాల మధ్య పిల్లలు తిరుగుతుంటే అటెండరు వెంకన్న గుండెలు బాదుకునేవాడు. పుస్తకాలు తలకిందులుగా పెట్టేసేవారు. ఒక రోజు ఇద్దరమ్మాయిలు నేల మీద కూర్చుని పాత జిల్లా వివరాల పుస్తకంలో తమ ఊరి పేరు కనిపించిందని కేకపెట్టారు. హాలులో అంతవరకూ ఎవరూ అలా అరవలేదు. నేను వారించబోయాను. సత్యానందం గారు వద్దని చెయ్యి ఊపారు.

వేసవి ముందు వ్యాసాల ఫలితం వచ్చింది. శర్మగారు ఆశ్చర్యపోయారు. పాఠాలు విన్న సెక్షను వ్యాసాలు ఎక్కువ పొడుగేమీ లేవు. కానీ చాలామంది ఒక్క పుస్తకంతో ఆగలేదు. పుస్తకంలో ఉన్నది తమ ఊరి ముసలివాళ్ళను అడిగి సరిచూసుకున్నారు. కుదరనిచోట కుదరలేదని రాశారు. రెండో సెక్షనులో అందరూ ఒకే గైడులోని ఒకే పేరా రాశారు. నేను ఎగిరి గంతేశాను. ఆ తర్వాతే అసలు చిక్కు బయటపడింది. పాఠాలు విన్న సెక్షనులోనే, తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఏ మార్పూ రాలేదు. మా దగ్గరున్న మంచి పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. వాళ్ళు వెతకడం నేర్చుకున్నారు, పుస్తకం దొరికింది, తెరిచి మూసేశారు. మాతో మాట్లాడిన పిల్లల్లో కూడా ఎక్కువమంది లైబ్రరీ వల్ల తమకు పెద్దగా జరిగిందేమీ లేదనే చెప్పారు.

"మేష్టారూ, ఈ తెలుగు మీడియం సంగతి కమిటీకి చెప్పక్కర్లేదేమోనండి," అన్నాను. "బాగున్నది చెబుదాం. హాలు నిలబడ్డాక మిగతాది మనం సరిచేసుకుందాం."

"అది చెప్పకపోతే తెలుగు పుస్తకాలు కొనమని వాళ్ళనెలా అడుగుతారమ్మా?"

"హాలే పోతే ఏ పుస్తకాలూ ఉండవు కదండీ. నా ఉద్యోగం సంగతి మీకు తెలుసు."

ఆయన నా వైపు తిరిగారు. "తెలుసు. మీ తమ్ముళ్ళ సంగతీ తెలుసు. మీకు కష్టమొస్తే నేను చూస్తూ కూర్చోను. కానీ ఒకటి చెప్పండి. మనకి అనుకూలంగా వచ్చినవే ఏరుకుని చూపిస్తే, ఇన్నాళ్ళూ ఆ పిల్లల్ని కూర్చోబెట్టి అడిగింది ఎందుకు? వాళ్ళు నమ్మి చెప్పేరు." కాగితం మీద ఆ భాగం కూడా రాశాను. రాస్తున్నంతసేపూ భయపడ్డాను.

కమిటీవాళ్ళు హాలులోనే సమావేశమవ్వాలని ఆయన కోరారు. సత్తిరాజు గారితో పాటు మరికొందరు పెద్దలు, ప్రిన్సిపాలుగారు, శర్మగారు వచ్చారు. సత్యానందం గారు నిలబడి తిన్నగా విషయంలోకి వచ్చారు. "ఈ లైబ్రరీ ఇన్నేళ్ళుగా చాలామంది పిల్లలకి ఏమీ నేర్పలేదండి. అందులో నా బాధ్యత ఉంది," అన్నారు. ప్రిన్సిపాలుగారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. ఆ తర్వాత వల గురించీ, తలుపు తెరవడం గురించీ, వ్యాసాల గురించీ వరసగా చెప్పారు. ఎక్కడ మేలు జరిగిందో చెప్పారు, ఎక్కడ జరగలేదో చెప్పారు. తెలుగు పుస్తకాలు కావాలన్నారు. చివరికి, "నా మాట నమ్మక్కర్లేదు. పిల్లలు చదువుకుంటున్నారు, మీరే అడగండి," అని కూర్చున్నారు.

సత్తిరాజు గారు హాలంతా చూశారు. కిటికీ పక్కనున్న వెంకటలక్ష్మిని పిలిచారు. "ఏం చదువుతున్నావమ్మా?"

"బి.ఏ. హిస్టరీ అండి."

"అయితే నీకు సంబంధం లేనిది అడుగుతాను. మా తోటలో ఒక కొబ్బరి చెట్టుకి నడినెత్తిన లేత మొవ్వు వాడిపోతోంది. ఏమై ఉంటుంది?"

"తెలీదండి," అంది ఆ పిల్ల. ఆమె తడబడకుండా, "చూసి చెబుతానండి. కాసేపు కూర్చుంటారా?" అని బీరువాల్లోకి వెళ్ళింది.

పెద్దలకు కాఫీలు వచ్చాయి. వాళ్ళు తాగుతున్నారు, నేను మాత్రం బీరువాల సందుల వైపే చూస్తున్నాను. ఆమె ఒక లావుపాటి పుస్తకమూ, వ్యవసాయ శాఖవాళ్ళు వేసిన పల్చటి తెలుగు పుస్తకమూ తీసుకొచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి చదువుకుని, లేచి వచ్చింది.

"రెండు కారణాలుండొచ్చండి. మొవ్వు పట్టుకు లాగితే ఊడొచ్చి కుళ్ళు వాసనేస్తే తెగులు. మాను మీద కన్నాలుండి జిగురు కారుతుంటే పురుగు. మందులు వేరు వేరండి. ఈ పెద్ద పుస్తకం చాలా పాతది, మందు విషయంలో ఈ చిన్నదాన్ని నమ్మొచ్చనుకుంటున్నాను. కానీ చెట్టు చూడకుండా మీ చెట్టుకి వచ్చింది ఏదో చెప్పలేనండి."

సత్తిరాజు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "చెప్పలేనని చెప్పడం కూడా ఇక్కడే నేర్చుకున్నావా?"

"ఆయ్," అంది.

ఆయన చాలాసేపు నవ్వారు. ఆ నవ్వులో హేళన లేదు. మర్నాడు తోటలో ఒక మనిషిని చెట్టెక్కించి చూపించుకున్నారని, అది పురుగేనని తర్వాత మాకు తెలిసింది.

హాలు నిలిచింది. కామర్సు క్లాసులు ఉదయం పూట, మిగతా క్లాసులు మొదలవ్వక ముందు నడిచేలా సర్దుకున్నారు. అన్నీ మేమనుకున్నట్టు జరగలేదు. తెలుగు పుస్తకాలు అడిగినన్ని రాలేదు. తలుపు తెరిచిన మొదటి ఏడాది కొన్ని పుస్తకాలు మాయమయ్యాయి. మళ్ళీ వల మూసేయమని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. పోయినవాటిలో ఎక్కువ చదివి నలిగినవేనని, ఎవరూ ముట్టనివి ఒక్కటీ పోలేదని సత్యానందం గారు జవాబిచ్చారు. తర్వాత ఏడాది ఆ వలనే పూర్తిగా ఊడదీయించి పక్కన పడేశారు. ప్రతి ఏడూ పిల్లల్ని కూర్చోబెట్టి అడగడం మాత్రం ఆగలేదు. ఏటికేడు తెలుగు మీడియం పిల్లల మాటల్లో తేడా రావడం నేనే నా చేత్తో రాశాను. నా ఉద్యోగం ఖాయమైంది. తమ్ముళ్ళు చదువులు పూర్తి చేశారు.

ఎనభైల మొదట్లో నాకు రాజోలు వైపు ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా అవకాశం వచ్చింది. వెళ్ళాలా వద్దా అని తటపటాయిస్తుంటే, "ఇక్కడ నేనున్నాను. అక్కడెవరున్నారు?" అని పంపించారు. తర్వాత కొన్నేళ్ళకు ఆయనా రిటైరై తమ పల్లెకు చేరారు. శనివారాలు బస్సెక్కి మా లైబ్రరీకి వచ్చేవారు. సలహాలు చెప్పేవారు కాదు. మామూలు పాఠకుడిలా ఒక బల్ల దగ్గర కూర్చుని పక్కనున్న కుర్రాణ్ణి, "ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగేవారు. ఎనభైలు ముగుస్తుండగా ఒక వానాకాలం ఆయన పోయారు. చర్చి ఆవరణ నిండా గొడుగులు. వచ్చినవాళ్ళలో సగం మంది నాకు తెలియరు, వాళ్ళు ఒకరికొకరు కూడా తెలియరు. ఎవరిని కదిపినా ఒకే మాట అన్నారు: "నన్ను మీరు అని పిలిచిన మొదటి మనిషండీ."

ఆ తర్వాత కొద్ది రోజులకు మా కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. మా లైబ్రరీని చూసి మెచ్చుకున్నారు. బల్లలు బాగున్నాయన్నారు, పుస్తకాలు బాగా వెళ్తున్నాయన్నారు. అందరూ బయటికి వెళ్తుండగా చివరి సంవత్సరం అమ్మాయి ఒకతె తలుపు దగ్గర నిలబడిపోయి, పెద్దవాళ్ళు వింటున్నారన్న సంగతి కూడా చూసుకోకుండా, "ఈ మూడేళ్ళలో నాకు ఈ లైబ్రరీ ఒక్క దానికీ పనికిరాలేదండి," అనేసింది. ప్రిన్సిపాలుగారి ముఖం ఎర్రబడింది. బృందంలో ఒకాయన నా వైపు జాలిగా చూశారు. వింతేమిటంటే నాకు కోపం రాలేదు, సిగ్గూ అనిపించలేదు. నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రమే కలిగింది. వాళ్ళను వెళ్ళనిచ్చి, ఒక కుర్చీ లాగి ఆ అమ్మాయి ముందు వేశాను.

"కూర్చోండమ్మా," అన్నాను. "మీరు దేనికోసం వచ్చేరు? ముందది చెప్పండి."

ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా విన్నాను.